మై దిస్ ఈజ్ ఆన్ ద ట్రీ: పర్లాకిమిడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు కథల పోటీ ఎలా పెడుతున్నానంటే

మొదటి ఏడాది మా పోటీలో పదకొండు మంది పిల్లలు దాహం వేసిన కాకి కథే చెప్పారు. పదకొండు కాకులు, పదకొండు కుండలు. ఆరో కాకి వచ్చేసరికి వెనక బెంచీ మీదున్న ఒక తాతగారు "ఆ కాకికి ఎవరైనా ఓ గ్లాసుడు నీళ్లు పోసేద్దురూ" అన్నారు. అందరూ నవ్వారు. ఎదురుగా నిలబడ్డ రెండో తరగతి పిల్ల మాత్రం నవ్వలేదు. కథ అక్కడే ఆగిపోయింది, కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. తప్పు తాతగారిది కాదు, నాది. "ఏదైనా కథ, మూడు నిమిషాలు, ఇంగ్లీషులో" అని చీటీ రాసి స్కూళ్లకి పంపేసి, అంతటితో పనైపోయిందనుకున్నాను.

అది 2017. కరోనా రెండేళ్లు పోగా ఇప్పటికి ఆరుసార్లు పెట్టాను. మీ ఊళ్లో ఒకటి పెట్టాలనుకుంటే ఈ కింద రాసింది పనికొస్తుంది. ముఖ్యంగా మాలాంటి సరిహద్దు ఊళ్లలో.

మాలాంటి అని ఎందుకంటున్నానంటే, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరి చివరికెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. కొండ మీద నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లల ఇంటి భాష సవర. వీటన్నిటి మీదా ఇంగ్లీషు. అందుకని మా దగ్గర ఇంగ్లీషు కథల పోటీ అంటే చాలామంది తల్లులు ముందే చేతులెత్తేస్తారు. "మా గుంటడికి ఇంగ్లీషేటొస్తాదండీ, ఒడియాయే సరిగ్గా రాదు" అంటారు. నా అనుభవంలో సంగతి తిరగబడి ఉంది. రెండు భాషల మధ్య రోజూ తిరిగే పిల్లలకి మూడోదాంట్లో కథ చెప్పడం అంత కష్టం కాదు. బట్టీ పట్టించకపోతే చాలు.

ముందు తేదీ సంగతి తేల్చుకోండి. రెండో ఏడాది అక్టోబరులో అనుకున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లా అంతా వరద. పోటీ డిసెంబరుకి పోయింది. అప్పట్నుంచి డిసెంబరు మొదటి ఆదివారమే ఖాయం. జనవరిలో పెడదామంటే సంక్రాంతికి తెలుగువాళ్లు ఊళ్లకి పోతారు, ఆ వెనకే బళ్లలో సరస్వతీ పూజ డ్యాన్సుల హడావుడి. గురువారం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. మార్గశిర లక్ష్మివారాలు మనకి నోములు, ఒడియావాళ్లకి మాణబసా, అంటే లక్ష్మీపూజ. తల్లి అన్నది ఒక్కరూ ఇల్లు కదలదు.

ఇక కథ. సగం పని ఇక్కడే ఉంది.

పిల్లలు కథ ఎంచుకోరు, పెద్దవాళ్లు ఎంచుతారు. పెద్దవాళ్లు ఫోన్లో వెతికి, ఒక పేజీ రాసిచ్చి, బట్టీ పట్టిస్తారు. మీరు వినే ఉంటారు, "వన్సపానెటైమ్‌దేర్‌లివ్డె" అని ఒకే ఊపిరిలో. ఆ ఊపిరి ఎక్కడ తెగితే కథ అక్కడ చచ్చిపోతుంది. ఒక్క మాట మర్చిపోయిన పిల్లకి పక్కదారి లేదు, ఎందుకంటే ఆమె నేర్చుకున్నది కథ కాదు, మాటల వరస. అందుకని రెండో ఏడాది నుంచి చీటీలో ఒక షరతు పెట్టాను: "పిల్లలు ఇంట్లో తమ భాషలో విన్న కథే చెప్పాలి. ముందు ఆ భాషలో చెప్పించండి, తర్వాతే ఇంగ్లీషు." వినడానికి చిన్న షరతే. దీనివల్ల కాకులు పదకొండు నుంచి రెండుకి తగ్గాయి.

ఎలాంటి కథ పనికొస్తుందో ఒకటి చూపిస్తాను. ఏడు చేపల కథ తెలియని తెలుగిల్లు లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మేయలేదు. ఆవుని గొల్లవాడు మేపలేదు, గొల్లవాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ని చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!

దీన్ని మూడో తరగతి పిల్లాడితో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు నేను కాగితం ముట్టుకోలేదు. ఒకటే మాట నేర్పాను: "వై డిడ్ యు". మిగతావి వాడివే. "ఫిష్, ఫిష్, వై ఆర్ యు నాట్ డ్రై?" "గ్రాస్ స్టాప్డ్ ద సన్." "గ్రాస్, గ్రాస్, వై డిడ్ యు స్టాప్ ద సన్?" "కౌ డిడ్ నాట్ ఈట్ మీ." అవ్వ దగ్గరికొచ్చేసరికి "గ్రానీ, గ్రానీ, వై డిడ్ యు నాట్ గివ్ రైస్?" అని వాడే అడిగాడు, నేను అందించకుండానే. ఏడుగురిని ఏడు ప్రశ్నలు అడగాలి, అడిగే తీరు ఒక్కటే. రెండో ప్రశ్నకి పిల్లలకి ఊపు వస్తుంది, నాలుగోదానికి వింటున్నవాళ్లు కూడా గొంతు కలుపుతారు. మధ్యలో ఆవుని మర్చిపోయినా ఎదురుగా కూర్చున్న పిల్లలే "కౌ, కౌ" అని అరిచి గుర్తు చేస్తారు. అలాంటి కథలో పిల్లలు పడిపోరు.

దీంట్లో నాకు దొరికిన అసలు ముచ్చట వేరే ఉంది. ఆ పిల్లాడు ప్రాక్టీసు చేస్తుంటే పక్కన కూర్చున్న ఒడియా పిల్ల "ఇది మా కథే కదా టీచర్" అంది. కాదమ్మా, మాది అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఒడియాలో కథ చివర అనే మాట, "మో కథాటి సరిలా, ఫూల గచ్ఛటి మలా". నా కథ అయిపోయింది, పూలచెట్టు చచ్చిపోయింది. పూలచెట్టూ ఎందుకు చచ్చిపోయావు? నల్లావు తినేసింది. నల్లావూ ఎందుకు తిన్నావు? గొల్లవాడు కాయలేదు. గొల్లవాడికి కోడలు అన్నం పెట్టలేదు. కోడలి పిల్లాడు ఏడ్చాడు. పిల్లాణ్ని చీమ కరిచింది. చేప, గడ్డిమేటు బదులు చెట్టు, అవ్వ బదులు కోడలు, అంతే తేడా. చీమ ఇద్దరికీ ఒకటే. అయితే ఒడియా చీమకి బంగారు పుట్ట లేదు. నేను మట్టి కింద ఉంటాను, లేత మాంసం దొరికితే కరుస్తాను అంటుంది. ఆ ఏడాది ఈ ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టాం. రెండో కథలో చీమ రాగానే హాల్లో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మీరు సరిహద్దు ఊళ్లో ఉంటే ఇలాంటి జతలు వెతకండి, దొరుకుతాయి.

కథ ఎంచేటప్పుడు నేను చూసేవి మూడే. ఎవరో ఒకరు మాట్లాడాలి, వర్ణన తక్కువ ఉండాలి. ఒక మాటో ప్రశ్నో మళ్లీ మళ్లీ రావాలి. మనుషులైనా జంతువులైనా నలుగురికి మించితే, మన చేపల కథలా గొలుసు ఉండాలి. నీతి కథల జోలికి పోవద్దని చెప్తాను. నీతి చెప్పాల్సొచ్చినప్పుడు పిల్లల గొంతు హెడ్మాస్టర్ గొంతైపోతుంది.

ఒకాయన నన్ను నిలదీశాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఇంగ్లీషు పోటీలేమిటమ్మా అని. ఆయన ఈ ఊళ్లో టీచరుగా ఉండే సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. నేను చేసేదీ అదే దారిలో అనుకుంటున్నానండీ, ముందు ఇంటి భాషలో చెప్పించి తర్వాతే కదా ఇంగ్లీషు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ మనవరాలిని పంపించాడు.

ఎంతమంది అన్నది లెక్క వేసుకోకుండా ఒప్పుకోకండి. మేం పది స్కూళ్లని పిలుస్తాం, స్కూలుకి నలుగురు, అంటే 40 మంది. ఒకటి, రెండు తరగతుల వాళ్లు 16 మంది, వాళ్లకి 2 నిమిషాలు. మూడు నుంచి ఐదు వాళ్లు 24 మంది, వాళ్లకి 3 నిమిషాలు. పిల్ల లేచి రావడానికి, వెళ్లి కూర్చోడానికి తలకో నిమిషం కలపండి. చిన్నవాళ్లకి 48, పెద్దవాళ్లకి 96, మొత్తం 144 నిమిషాలు. దాదాపు రెండున్నర గంటలు ఆరేళ్ల పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడం దేవుడి వల్ల కూడా కాదు. అందుకే రెండు గదులు. చిన్నవాళ్లది ఒక గదిలో గంటలోపు అయిపోతుంది, వాళ్లకి అరటిపండు, బిస్కెట్లు ఇచ్చి ఆటకి వదిలేస్తాం.

స్కూలు పంపే నలుగురిలో ఒకరు ఇంతవరకు ఎప్పుడూ స్టేజీ ఎక్కని పిల్ల కావాలన్నది నా మొండి షరతు. ఇది పెట్టకపోతే ప్రతి స్కూలూ ప్రతి పోటీకీ అదే పిల్లని పంపిస్తుంది, ఆ పిల్ల ఎవరి పిల్లో మీకూ తెలుసు.

టైమ్ అయిందని గంట కొట్టొద్దు. గంట వినగానే పిల్లలు ఇంటర్వెల్ అనుకుంటారు, లేకపోతే బెదిరిపోతారు. ఒక టీచరు ఎదురుగా కూర్చుని పసుపు చేతిరుమాలు ఒళ్లో పెట్టుకుంటుంది. ఇంకో అర నిమిషం ఉందనగా దాన్ని పైకెత్తుతుంది. ఆ తర్వాత ఇంకో అర నిమిషం ఎక్కువైనా మేం ఆపం, మార్కులు కోయం. మైకు కూడా వద్దు. స్టాండు ఎత్తు సరిచేసేసరికి పిల్లల ధైర్యం సగం దిగిపోతుంది, చేత్తో పట్టుకుంటే ఆ చెయ్యి కథకి దక్కదు. క్లాసురూములో బెంచీలు తీసేసి, జంపకానాలు పరిచి, అందర్నీ అర్ధచంద్రంగా కూర్చోబెట్టి, మధ్యలో సుద్దతో ఒక గుండ్రం గీస్తే చాలు. అరవై మందికి చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది, ఫ్యాన్లు ఆపితే. డిసెంబరులో మా దగ్గర ఫ్యాన్లతో పని లేదు.

ఇప్పుడు జడ్జీలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు ఇంకా కోపం తగ్గలేదు.

2019లో హాస్టల్ నుంచి ఒక సవర పిల్ల వచ్చింది, మూడో తరగతి. కోతి, మొసలి కథ. మొసలి కోతిని వీపు మీద ఎక్కించుకుని ఏటి మధ్యకి తీసుకెళ్లి, మా ఆవిడకి నీ గుండె కావాలంది అనే చోటు. కోతి జవాబు చెప్పాలి. "మంకీ సే, మై..." అని ఆగింది. హార్ట్ అనే మాట పోయింది. నాలుగైదు సెకన్లు గదిలో చప్పుడు లేదు. నేను పెదవులు కదపబోయాను, అందించేవాళ్లు లేరు కదా అని. అంతలో కుడి చెయ్యి ఎత్తి గుండె మీద రెండుసార్లు టపటపా తట్టుకుంది. "మై దిస్," మళ్లీ తట్టింది, "మై దిస్ ఈజ్ ఆన్ ద ట్రీ!" అంది. చెయ్యి గుండె మీద నుంచి తీసి కిటికీ బయటున్న వేపచెట్టు వైపు చూపించింది. గదిలో ఉన్న ప్రతి పిల్లా తల తిప్పి ఆ చెట్టుకేసి చూసింది. కథ చెప్పడమంటే అంతకన్నా ఏం కావాలి?

ఒక జడ్జి ఆ పిల్లకి భాషకి 10కి 2 వేశారు. సరే అనుకోవచ్చు. కథకి కూడా 20కి 9 వేసి, పక్కన "వొకాబులరీ వీక్" అని రాశారు. పిల్ల నాలుగో స్థానానికి పోయింది. ఆ జడ్జి ఎవరో చెప్పను. తప్పు మళ్లీ నాదే, నేను వాళ్లకి ఏం చూడాలో చెప్పలేదు.

ఇప్పుడు జడ్జీలు ముగ్గురిలో ఒకరు కచ్చితంగా ఇంగ్లీషు టీచరు కానివాళ్లు ఉంటారు. మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టరుగారు మూడేళ్లుగా వస్తున్నారు. ఆయన చేసే పని ఒకటే, కథ తనకి అర్థమైందా లేదా చూడటం. మార్కులు 50. కథ తెలిసిందా, వరస తప్పకుండా నడిచిందా అన్నదానికి 20. గొంతు, ముఖం, చేతులకి 15. ఇంగ్లీషుకి 10. మొదలెట్టిన తీరు, ముగించిన తీరు 5. మాట మర్చిపోతే సైగ చేసినా, తెలుగులోనో ఒడియాలోనో సవరలోనో అనేసినా, మూడుసార్ల వరకు ఏమీ కోయకూడదు. ఒక టీచరు పక్కన కూర్చుని మాట అందించవచ్చు, ఒక్క మాట మాత్రమే, వాక్యం కాదు.

ఉచ్చారణ దగ్గర జడ్జీలకి ముందే ఒక మాట చెప్పాలి. ఒడియా పిల్లలు "భెరీ బిగ్" అంటారు, ఎందుకంటే వాళ్ల నోట వకారం బకారమో భకారమో అయిపోతుంది. "అ" అన్నచోట "ఒ" పలుకుతుంది. మన పిల్లలు "డాగు", "యెలిఫెంటు" అంటారు. చివర ఉకారం లేకపోతే మన నాలుక ఊరుకోదు. తమాషా ఏమిటంటే, ఒడియా జడ్జికి డాగు నవ్వొస్తుంది, భెరీ చెవిన పడదు. తెలుగు జడ్జికి దానికి ఎదురు. అర్థమైతే చాలు, కోయొద్దు అని కాగితం పైన పెద్దక్షరాలతో రాసిపెడతాను.

మార్కులు కలిపేటప్పుడు ఒక మెలిక ఉంది. ఒక జడ్జి అందరికీ 41, 43, 45 ఇలా వేస్తారు. ఇంకొకరు 20 నుంచి 48 దాకా వేస్తారు. మూడూ కూడితే ఫలితం నిర్ణయించేది ఆ రెండో మనిషి ఒక్కరే, మొదటివాళ్లు వచ్చి కూర్చున్నా కూర్చోకపోయినా ఒకటే. అందుకని మేం మార్కులు కూడం. ప్రతి జడ్జి కాగితం మీదా మార్కుల్ని బట్టి 1, 2, 3 అని స్థానాలు వేస్తాం, ఆ స్థానాలు కూడతాం, తక్కువ వచ్చిన పిల్ల గెలుస్తుంది. ఒక పిల్లకి 1, 1, 5 వస్తే 7. ఇంకో పిల్లకి 2, 2, 2 వస్తే 6, ఆమే మొదటిది. ఒకే కాగితంలో ఇద్దరికి సమానంగా వేస్తే ఎవరు ముందో ఆ జడ్జినే తేల్చమంటాం.

మొదట చెప్పే పిల్ల ఎప్పుడూ నష్టపోతుంది, జడ్జీలు చెయ్యి బిగించి వేస్తారు కాబట్టి. దానికి మందు: పోటీలో లేని ఆరో తరగతి పిల్ల చేత ముందు ఒక కథ చెప్పించి, జడ్జీల చేత మార్కులు వేయించి, ముగ్గురూ ఒకరివొకరు చూసుకోమంటాం. ఈ ఒక్క పనితో చాలా తగాదాలు తగ్గిపోయాయి.

ఒకటి, రెండు తరగతులకి స్థానాలు పెట్టడం మానేశాను. ఆ వయసులో ఓడిపోవడం నేర్పాల్సిన తొందర నాకైతే కనపడలేదు. జడ్జీలు ఒక్కొక్కరి కథలో ఏం బాగుందో ఒక ముక్క పైకి చెప్తారు. "నీ పులి బాగా గర్జించింది" అంటే చాలు, ఆ గుంట సాయంత్రం దాకా గర్జిస్తూనే ఉంటుంది.

తల్లిదండ్రుల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? పిల్లల వెనక. ఎదురుగా కూర్చుంటే పెదవులు కదుపుతారు, పిల్ల వాళ్ల నోటికేసి చూస్తూ చెప్తుంది. ఫోనెత్తి వీడియో తీసే తండ్రులకి ముందే చెప్పేస్తాం, ఒక టీచరు అందరివీ తీసి పంపుతుందని.

బహుమతులకి పెద్ద ఖర్చు వద్దు. బొమ్మల కథల పుస్తకాలు ఇస్తాం, కప్పులు కొనం. కప్పు బీరువా ఎక్కుతుంది, పుస్తకం చెల్లెలి చేతికి వెళ్తుంది. సర్టిఫికెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. స్కూలు నుంచి ఒడియాలో వచ్చిన జాబితా చూసి ఇంగ్లీషులో కొట్టించాం ఒకసారి. వెంకటేశులందరూ భెంకటేశులైపోయారు, ఒక వరలక్ష్మి బరలక్ష్మి అయింది. వాళ్లమ్మ ఆ కాగితం నా చేతికే తిరిగిచ్చేసింది. ఇప్పుడు పేరు పిల్ల చేతే రాయించుకుంటాం, వచ్చినప్పుడు, తనకిష్టమైన లిపిలో.

కథ ఎలా ముగించాలన్నది పిల్లలకే వదిలేయండి. "ద ఎండ్, థ్యాంక్యూ" అని సెల్యూట్ కొట్టించే అలవాటు మాన్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. "స్టోరీ వెంట్ టు కంచి, వుయ్ గో హోమ్" అని ఒకడు ముగించాడు. ఇంకో పిల్ల "మై స్టోరీ ఈజ్ ఫినిష్, ఫ్లవర్ ట్రీ ఈజ్ డెడ్" అంది. బరంపురం నుంచి కొత్తగా వచ్చిన జడ్జి ఒకాయన మన తెలుగాయనే, కంగారుపడి "పాపం చెట్టెందుకు చచ్చిపోయిందమ్మా" అన్నారు. ఆయన అడిగిందే తడవుగా ఆ పిల్ల మళ్లీ గుండ్రంలోకి వచ్చి, నల్లావు దగ్గర్నుంచి చీమ దాకా అంతా చెప్పేసింది. రుమాలు ఎత్తినా ఆగలేదు.

అయిపోయాక సోమవారం ఒక పని మిగులుతుంది, దాన్ని వదలకండి. గెలవని పిల్లలందరికీ స్కూలు ద్వారా తలో చీటీ పంపుతాను, తల్లిదండ్రులకి, వాళ్ల భాషలో, ఒక్క వాక్యం. జడ్జీల కాగితాల్లోంచే తీసి రాస్తాను. కిందటి డిసెంబరులో రాసిన ఒకటి ఇది: "మీ బాబు కుందేలు గొంతు మార్చిన తీరు ముగ్గురు జడ్జీలూ విడివిడిగా రాశారు, వచ్చే ఏడాది కథ చివరిదాకా ఇంట్లో ఒకసారి మీకు చెప్పి రమ్మనండి, ఈసారి సింహాన్ని బావిలో దూకించడం మర్చిపోయాడు."